కల్చర్ రిపోర్టులో బిళ్ళ పనిచేస్తుందని ఉన్నా ఇంజెక్షనే ఎందుకు? (విజయవాడ)

కృష్ణలంక కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది విజయవాడ, కృష్ణలంక. అమ్మకి 63 ఏళ్ళు, షుగర్ ఎప్పటి నుంచో ఉంది. యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఏడాదిగా వస్తూ పోతూ ఉంది. మంట మొదలైతే వీధి చివర మందుల షాపులో చెప్పి ఏదో ఒక స్ట్రిప్ తెచ్చుకుంటుంది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, మిగిలినవి డబ్బాలో పడేస్తుంది, కొన్నాళ్ళకి మళ్ళీ షరా మామూలే. ఈసారి మాత్రం చలిజ్వరం, వాంతులు, నడుం పక్కన ఒక వైపు నొప్పి. సూర్యారావుపేటలో డాక్టర్ గారికి చూపిస్తే యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) రాశారు.

రిపోర్టు నిన్న సాయంత్రం వచ్చింది. ఈ.కోలై, లక్షకి పైన కాలనీలు, ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అని ఉంది. కింద పెద్ద జాబితా. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, అమాక్సిసిలిన్ క్లావ్, కోట్రిమోక్సజోల్ అన్నిటికీ ఆర్ (అంటే లొంగదు). నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, పిపరాసిలిన్ టాజోబాక్టమ్, ఎర్టాపెనెమ్, మెరోపెనెమ్‌కి ఎస్ (అంటే లొంగుతుంది). కొలిస్టిన్ దగ్గర ఐ అని ఉంది, అదేంటో అర్థం కాలేదు.

డాక్టర్ గారు ఎర్టాపెనెమ్ ఇంజెక్షన్ రోజుకొకటి చొప్పున ఏడు రోజులు వేయించుకోమన్నారు. తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసి, నైట్రోఫ్యురాంటాయిన్ బిళ్ళే కదా, దానికి ఎస్ అని ఉంటే సూదులెందుకురా, డబ్బుల కోసం కాకపోతే, అంటోంది. ఆవిడ మాటకి ఇంట్లో విలువ ఎక్కువ, అమ్మ కూడా అటే మొగ్గుతోంది. ఇంకో టెన్షన్ ఏంటంటే, ఇన్ని మందులు వాడి వాడి అమ్మ ఒంటికి అలవాటైపోయి ఇక ఏదీ పనిచేయదని పక్కింటి వాళ్ళు అంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్ళకి అంటుకుంటుందా? తెలిసిన వాళ్ళు కాస్త చెప్పండి.

గుంటూరు ల్యాబు అక్క:

తమ్ముడూ, ముందు ఇంజెక్షన్ మొదలుపెట్టించండి, ఇది చదవడం తర్వాతైనా ఫరవాలేదు. చలిజ్వరం, వాంతులు, నడుం పక్కన నొప్పి అంటే ఇన్‌ఫెక్షన్ మూత్రాశయం దాటి కిడ్నీ దాకా ఎక్కిందని అనుమానించాల్సిన లక్షణాలు. షుగర్ ఉన్న మనిషికి అది రక్తంలోకి పాకడానికి ఎక్కువ టైం పట్టదు.

మీ పిన్ని గారి ప్రశ్న తీసిపారేసేది కాదు, మా ల్యాబుకి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్ళలో చాలామంది అదే అడుగుతారు. నైట్రోఫ్యురాంటాయిన్ మంచి మందే, మామూలు మూత్రం మంటకి ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అదే. కాకపోతే అది ఒంట్లోకి వెళ్ళాక దాదాపుగా మూత్రంలోనే చేరుతుంది, కిడ్నీ కండలోనూ రక్తంలోనూ చాలినంత ఉండదు. మేం ప్లేటు మీద పరీక్ష చేసినప్పుడు బ్యాక్టీరియా చచ్చింది కాబట్టి ఎస్ అని రాస్తాం, ఆ మందు రోగి ఒంట్లో ఎంతవరకు వెళ్తుందో ప్లేటుకి తెలియదు కదా. ఫాస్ఫోమైసిన్ పొడి సంగతీ ఇంచుమించు అంతే. అమికాసిన్ చవక, పనిచేస్తుంది కూడా, కానీ కిడ్నీల మీద భారం, మీ అమ్మగారి వయసుకీ షుగర్‌కీ అందుకే వెనకాడి ఉంటారు.

పిపరాసిలిన్ టాజోబాక్టమ్‌కి ఎస్ అని ఉన్నా ఎందుకు రాయలేదని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. రక్తంలోకి పాకిన ఇలాంటి ఇన్‌ఫెక్షన్లలో దాన్నీ మెరోపెనెమ్‌నీ పోల్చిన ఒక పెద్ద ట్రయల్ 2018లో వచ్చింది. నెల రోజుల్లో చనిపోయినవాళ్ళు మెరోపెనెమ్ వైపు 3.7 శాతం, పిపరాసిలిన్ వైపు 12.3 శాతం. అక్కడ కూడా ల్యాబు రిపోర్టులు ఎస్ అనే చెప్పాయి. ఆ తర్వాత ఈఎస్‌బీఎల్ అని కనపడి, జ్వరం గట్టిగా ఉంటే డాక్టర్లు పెనెమ్ (ఎర్టాపెనెమ్, మెరోపెనెమ్ లాంటివి) వైపే వెళ్తున్నారు. ఎర్టాపెనెమ్ రోజుకి ఒక్కసారే, అడ్మిట్ అవ్వకుండా నడుస్తుంది, మెరోపెనెమ్ అయితే రోజుకి మూడుసార్లు. అంటే డాక్టర్ గారు మీ ఖర్చు తగ్గించే దారిలోనే వెళ్ళారు.

ఇక ఒంటికి అలవాటైపోవడం అనేది తప్పు. అలవాటు పడింది అమ్మగారి ఒళ్ళు కాదు, ఆవిడ పేగుల్లో కాపురం ఉంటున్న బ్యాక్టీరియా. ఈఎస్‌బీఎల్ అంటే ఆ బ్యాక్టీరియా తయారుచేసే ఒక ఎంజైము, అది సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందుల్ని కోసి పారేస్తుంది. దాని తయారీకి కావలసిన జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటుంది, ఆ చుట్ట ఒక బ్యాక్టీరియా నుంచి పక్క బ్యాక్టీరియాకి చేతులు మారుతుంది. చాలాసార్లు అదే చుట్ట మీద వేరే మందుల్ని తట్టుకునే జన్యువులు కూడా కలిసి వస్తాయి. అందుకే అమ్మగారు ఎప్పుడూ వాడని మందులకి కూడా ఆర్ అని రావచ్చు, అందులో ఆశ్చర్యం లేదు.

కొలిస్టిన్ దగ్గర ఐ చూసి కంగారుపడొద్దు, ఐ అంటే ఇంటర్మీడియట్, ఎస్‌కీ ఆర్‌కీ మధ్యది. చాలా ల్యాబులు పాటించే అమెరికన్ ప్రమాణాల్లో 2020 నుంచి కొలిస్టిన్‌కి ఎస్ అని రాసే పద్ధతే తీసేశారు, ఐ లేదా ఆర్ రెండే.

పిల్లలకి జలుబులా అంటుకునేది కాదు. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా చేతుల ద్వారా ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి చేరడం మామూలే, చేరినంత మాత్రాన జబ్బు రాదు. బాత్రూం వాడాక, వంటకి ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు, గిన్నెలు వేరు చేయడాలూ అమ్మని గదిలో పెట్టడాలూ అక్కర్లేదు.

కొట్టు వెనకాల మనిషి:

నేను మందుల షాపులో ఫార్మసిస్టుని, గవర్నరుపేట వైపు. ఈ చర్చ ఎక్కడ జరిగినా చివరికి మా మీదకే వస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

రూలు ఉంది. షెడ్యూల్ హెచ్1 అని 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది, మొదట 46 మందులు పెట్టారు, సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్, పెనెమ్‌లు అన్నీ అందులో ఉన్నాయి. చీటీ లేకుండా ఇవ్వకూడదు, రోగి పేరు, డాక్టర్ పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్ళు ఉంచాలి. తమాషా ఏంటంటే జనం ఎక్కువగా అడిగే అజిత్రోమైసిన్ 500 ఆ మొదటి జాబితాలో లేదు, అది పాత షెడ్యూల్ హెచ్‌లో ఉంది, దానికీ చీటీ కావాలి కానీ రిజిస్టర్ బాధ లేదు. 2016లో స్ట్రిప్ మీద ఎర్ర గీత గురించి కేంద్రం ప్రచారం కూడా చేసింది, మీ ఇంట్లో డబ్బా తీసి చూడండి, నిలువుగా ఎర్ర గీత ఉన్నవన్నీ డాక్టర్ చెప్పకుండా మింగకూడనివి.

మరి ఎందుకు ఇస్తున్నారు అంటారా. సాయంత్రం ఏడింటికి కౌంటర్ ముందు పదిమంది ఉంటారు. గొంతునొప్పి, మూడు రోజుల అజిత్రో ఇవ్వమంటాడు ఒకడు. మోషన్సు, ఆఫ్లాక్సాసిన్ ఆర్నిడజోల్ రెండు బిళ్ళలు చాలంటుంది ఒకావిడ. చీటీ అడిగితే, డాక్టర్ ఫీజు, ఆటో ఖర్చు, సగం రోజు కూలి నువ్విస్తావా అని ముఖం మీదే అడుగుతారు, నేను ఇవ్వకపోతే నాలుగడుగులు వేస్తే ఇంకో షాపు. ఓనరుకి అమ్మకం కావాలి. కొన్నిచోట్ల లైసెన్సు ఒకరి పేరు మీద ఉంటుంది, కౌంటర్‌లో మందు ఇచ్చేది ఇంటర్ చదివిన కుర్రాడు. ఇది మా వాళ్ళకి కోపం తెప్పించే మాటే, అయినా నిజం.

కేరళలో 2024 నుంచి ఆపరేషన్ అమృత్ అని పెట్టి చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇచ్చే షాపుల మీద తనిఖీలు మొదలుపెట్టారు. అలా అందరి మీదా ఒకేసారి పడితేనే మాబోటి వాళ్ళు కాదని చెప్పగలరు. ఒక్కడే కాదంటే వాడి గిరాకీ పక్క షాపుకి పోతుంది, అంతే.

బ్రాడీపేట రాజు:

ఫ్లెమింగ్ పెన్సిలిన్ కనిపెట్టింది 1928లో, నోబెల్ తీసుకుంది 1945లో. ఆ నోబెల్ ఉపన్యాసంలోనే అన్నాడు, ఏదో ఒక రోజు పెన్సిలిన్‌ని ఎవడైనా షాపులో కొనుక్కునే రోజు వస్తుంది, తెలియక తక్కువ డోసు వేసుకుని బ్యాక్టీరియాకి రాటుదేలడం నేర్పిస్తారు అని. కొట్టు మనిషి గారి కౌంటర్ చూసి చెప్పినట్టే ఉంది.

కానీ ఎప్పుడూ మందుల షాపుల్నీ ఆర్ఎంపీలనీ జనాన్నీ తిట్టి ఊరుకోవడం నాకు నచ్చదు. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు దగ్గర, శుద్ధి అయి బయటికొచ్చే నీళ్ళు పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. కృష్ణలంక ఆవిడ రెండు బిళ్ళలు మిగిల్చినందుకు కాదు, ఇలాంటి వాటి మీద గట్టిగా మాట్లాడాలి.

గుంటూరు ల్యాబు అక్క:

@బ్రాడీపేట రాజు, రెండూ మాట్లాడాలి. మురుగు కాలువలో పుట్టింది వేరు, పేగులో పెరిగింది వేరు అని బ్యాక్టీరియా చూడదు.

కైకలూరు చేపల బాబాయ్:

నేను ఉండేది పటమటలో, చెరువులు కైకలూరు దగ్గర. మా వైపు సంగతి కూడా చెప్తా. రొయ్యల్లో తెల్లమచ్చ వచ్చిందంటే రైతు ప్రాణం గిలగిలలాడుతుంది, లక్షలు నీళ్ళలో ఉంటాయి. అప్పుడు ఎవడేం పొడి చెప్తే అది చల్లుతాడు. అసలు తెల్లమచ్చ వైరస్, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు, ఆ మాట ఆ సమయంలో వినేవాడు ఉండడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్‌లు రొయ్యల్లో పూర్తిగా నిషేధం. యూరప్ వాడు ఆనవాలు కనపడితే చాలు కంటైనర్ వెనక్కి పంపుతాడు, అమెరికా వాడూ అంతే. ఎగుమతి సరుకు మీద ఆ భయం ఉంది కాబట్టి మా దగ్గర చాలా వరకు తగ్గింది. మన మార్కెట్లో అమ్మే చేపని ఎవరు పరీక్షిస్తున్నారని మాత్రం నన్ను అడక్కండి.

కోళ్ళ సంగతి ఇంకో కథ. పైన కొలిస్టిన్ అని వచ్చింది కదా, అది మనుషులకి చివరాఖరికి మిగిలే మందుల్లో ఒకటి, దాన్ని కోళ్ళు త్వరగా బరువెక్కడానికి మేతలో కలిపేవాళ్ళు. 2019 జూలైలో కేంద్రం తిండికి పెంచే జంతువుల్లో నిషేధించింది. అన్నాళ్ళు ఎందుకు ఆగారో.

వన్‌టౌన్ వెంకట్:

అక్కా ఒక డౌటు. కోర్సు మధ్యలో ఆపితేనే బ్యాక్టీరియా మొండిదవుతుందని చిన్నప్పటి నుంచి విన్నాం. మొన్నెక్కడో అదంతా పాత మాట, తగ్గాక ఆపేయొచ్చు అని చదివా. ఏది నిజం? ఇంకోటి, కొత్త మందులేవీ రావట్లేదా?

గుంటూరు ల్యాబు అక్క:

వెంకట్ గారూ, రెండిట్లోనూ కొంత ఉంది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు ఇదే వాదన రాశారు, పెద్ద గొడవే అయింది. వాళ్ళు చెప్పిందేంటంటే, చాలా ఇన్‌ఫెక్షన్లలో అవసరానికి మించి మందు వాడిన కొద్దీ పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా పోయి మొండివి మిగులుతాయి, కాబట్టి పొడుగు కోర్సే రక్షణ అనుకోవడానికి ఆధారం లేదు అని. ఆ తర్వాత చూస్తే కోర్సులు నిజంగానే చిన్నవయ్యాయి, కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కి రెండు వారాలు రాసేవాళ్ళు ఇప్పుడు చాలాసార్లు ఏడు రోజులతో సరిపెడుతున్నారు. కాకపోతే ఎన్ని రోజులన్నది డాక్టర్ తగ్గించాలి, జ్వరం దిగిందని మనం కాదు. టీబీకి ఈ లెక్క అసలు వర్తించదు, అక్కడ నెలల తరబడి పూర్తిగా వాడాల్సిందే, మధ్యలో ఆపితే మొండి టీబీ అవుతుంది.

నా ఉద్దేశంలో మన ఊళ్ళలో అసలు సమస్య కోర్సు మధ్యలో ఆపడం కంటే అక్కర్లేనప్పుడు మొదలుపెట్టడం. వైరల్ జ్వరానికి, జలుబుకి, డెంగీకి యాంటీబయాటిక్ ఎందుకు? విరేచనాలకి ఎక్కువసార్లు కావలసింది ఓఆర్ఎస్. వైడాల్ టెస్టు ఒక్కటి చూసి టైఫాయిడ్ అని రాసేసి సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించిన కేసులు ఎన్ని చూస్తామో, ఆ టెస్టు మన దగ్గర టైఫాయిడ్ లేనివాళ్ళలోనూ పాజిటివ్ వస్తుంది. బ్లడ్ కల్చర్ తీయమంటే మూడు రోజులు ఎవడాగుతాడంటారు. మందు మొదలుపెట్టేశాక శాంపిల్ పంపితే మా దగ్గర ఏమీ పెరగదు, అప్పుడు ల్యాబు పనికిరాదంటారు. మూత్రం శాంపిల్ కూడా అంతే, కడుక్కోకుండా, మొదటి ధార పట్టి, ఎండలో స్కూటర్ డిక్కీలో రెండు గంటలు తిప్పి తెస్తారు, నాలుగు రకాల బ్యాక్టీరియా కలిసి పెరుగుతుంది. మధ్య ధార పట్టాలి, గంట రెండు గంటల్లో ఇవ్వాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. (ఈ ముక్క ల్యాబు గోడ మీద రాసి పెట్టినా ఎవరూ చదవరు, ఇక్కడైనా చదవండి.)

కొత్త మందులు వస్తున్నాయి, నెమ్మదిగా. చెన్నై ఆర్కిడ్ ఫార్మాలో కనిపెట్టిన ఎన్మెటాజోబాక్టమ్‌ని సెఫిపిమ్‌తో కలిపి వాడే మందుకి 2024లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, అది సరిగ్గా ఇలాంటి కిడ్నీ, మూత్ర ఇన్‌ఫెక్షన్లకే. కానీ ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. షుగర్ మందైతే రోగి జీవితాంతం కొంటాడు, కొత్త యాంటీబయాటిక్‌ని మాత్రం దాచుకుని అరుదుగా వాడాలంటాం. అమెరికాలో అకావోజెన్ అనే కంపెనీ 2018లో ప్లాజోమైసిన్‌కి అనుమతి తెచ్చుకుని 2019లో దివాలా తీసింది. అందుకే పెద్ద కంపెనీలు ఇటు చూడట్లేదు.

బ్రాడీపేట రాజు:

మనుషుల లెక్క కూడా ఒకటి చెప్పి వెళ్తా. 2019 సంవత్సరానికి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవాళ్ళు ప్రపంచంలో 12 లక్షల 70 వేలు. మొన్న 2025లో మన గుంటూరు పక్కన తురకపాలెంలో మరణాలు, మెలియాయిడోసిస్ అనుమానం అని టీవీల్లో ఎంత హడావిడి జరిగింది? ఈ మొండి బ్యాక్టీరియాకి అంత హడావిడి ఉండదు. డెత్ సర్టిఫికెట్ మీద కిడ్నీ ఫెయిల్యూర్ అనో గుండె ఆగిందనో రాస్తారు.

గుంటూరు ల్యాబు అక్క:

మెలియాయిడోసిస్ వేరండీ, అది మట్టిలోనూ నీళ్ళలోనూ ఉండే బ్యాక్టీరియా, మనం మందులు వాడకపోయినా పుట్టుకతోనే చాలా వాటికి లొంగదు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఎక్కించి, ఆ తర్వాత నెలల పాటు కోట్రిమోక్సజోల్ బిళ్ళలు వాడాలి. షుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువ వస్తుంది, ఆ ఒక్కటే పోలిక.

కృష్ణలంక కుర్రాడు:

అక్కా, చాలా థాంక్స్. మీరు రాసింది పిన్నికి ఫోన్‌లో చదివి వినిపించా. "సరే ల్యాబులో పనిచేసే అమ్మాయి చెప్తోందిగా" అంది, డాక్టర్ చెప్తే వినలేదు కానీ. ఇవాళ పొద్దున మొదటి ఇంజెక్షన్ అయింది. ఇంటి దగ్గర నర్సుతో వేయించుకోవచ్చన్నారు, చేతికి కాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం) పెట్టి పంపారు. దీనికి ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా? ఇంకా ఏడు రోజులయ్యాక మళ్ళీ కల్చర్ చేయించి క్లియర్ అయిందో లేదో చూసుకోవాలా?

కొట్టు వెనకాల మనిషి:

వయల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న సీసా) నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్ట్రోస్ సీసాలో కలపకూడదు, నర్సుకి గుర్తు చేయండి. అరగంట పట్టేలా నెమ్మదిగా ఎక్కించాలి. కలిపింది మర్నాటికి దాచొద్దు. అమ్మగారు ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ ఏమైనా వాడుతుంటే డాక్టర్‌కి ఇప్పుడే చెప్పండి, పెనెమ్‌లు దాని మోతాదు రక్తంలో బాగా పడగొడతాయి. క్రియాటినిన్ రిపోర్టు ఉంటే అది కూడా చూపించండి, కిడ్నీ పని బాగా తగ్గి ఉంటే ఈ మందు డోసు తగ్గిస్తారు. కొనేటప్పుడు ఒకే మందు కంపెనీని బట్టి ధర చాలా తేడా ఉంటుంది, షాపులో నోరు తెరిచి అడగండి, అడిగితేనే చూపిస్తాం. బిల్లు మాత్రం తీసుకోండి.

గుంటూరు ల్యాబు అక్క:

కాన్యులా దగ్గర ఎర్రబడినా వాచినా మార్పించండి. రెండు మూడు రోజులకీ జ్వరం దిగకపోతే ఏడు రోజులు అయ్యేదాకా ఆగకుండా వెళ్ళి చూపించండి, లోపల రాయి గానీ చీము గానీ ఉందేమో స్కాన్‌లో చూస్తారు. మనిషి మత్తుగా, తేడాగా మాట్లాడినా, మూత్రం తగ్గినా నేరుగా ఆసుపత్రికే.

అమ్మగారికి జ్వరం, మంట, నొప్పి పూర్తిగా పోతే మళ్ళీ కల్చర్ వద్దు. ఇది చాలామంది చేసే పని. ఏ ఇబ్బందీ లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం ఈ వయసు ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో మామూలే, దానికి మందు అక్కర్లేదు (గర్భిణుల సంగతి వేరు, మూత్రనాళానికి ఆపరేషన్ చేయబోయే వాళ్ళ సంగతి వేరు). రిపోర్టులో బ్యాక్టీరియా కనపడిందని మళ్ళీ పెనెమ్ వేయించుకుంటే వచ్చేసారికి దానికీ ఆర్ రావచ్చు.

మళ్ళీ మళ్ళీ రావడం గురించి గైనకాలజిస్టుని ఒకసారి అడగండి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఉంటుంది, ఇలా తిరగబెట్టే ఇన్‌ఫెక్షన్లు దానితో బాగా తగ్గుతాయి. అమ్మలు అడగడానికి సిగ్గుపడతారు, డాక్టర్లు హడావిడిలో చెప్పరు. షుగర్ ఎంతుందో మూడు నెలల టెస్టు కూడా ఇదే అదనుగా చేయించేయండి. ఇంట్లో డబ్బాలో మిగిలిన పాత స్ట్రిప్పులు మాత్రం ఈ పూటే తీసి పారేయండి, లేకపోతే ఎవరికి దగ్గొచ్చినా పిన్ని గారు వాటినే తీసిస్తారు.

కృష్ణలంక కుర్రాడు:

పిన్ని కాదక్కా, అందులో సగం నాన్నవి. అడిగి పారేయాలి.